పదిహేనేళ్లకే నడుము నొప్పి: కారణం ఎలా తేలుస్తారు?

ఒకే వారంలో ఒకే డాక్టరు దగ్గరికి ముగ్గురు పిల్లలు వచ్చారనుకుందాం. ఒకరు హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి. ఇంకొకరు అండర్-16 జట్టులో చోటు కోసం రోజూ నెట్స్‌లో బంతులు వేసే 15 ఏళ్ల ఫాస్ట్ బౌలర్. మూడో పిల్లాడికి 14 ఏళ్లు. ఆటల జోలికి పెద్దగా పోడు, రెండు నెలలుగా సన్నబడుతున్నాడు. ముగ్గురూ చెప్పేది ఒకటే మాట: “నడుము నొప్పి.” చెయ్యి పెట్టి చూపించేది కూడా దాదాపు ఒకే చోటు. కారణాలకు మాత్రం ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

పెద్దవాళ్ల నడుము నొప్పికి ఇంట్లోనే పేరు పెట్టేస్తాం: అరుగుదల, గ్యాప్, డిస్క్. పిల్లల దగ్గరికి వచ్చేసరికి కొన్ని ఇళ్లలో “ఈ వయసులో నొప్పేంటి, ఆ ఫోన్ పక్కన పెట్టు” అంటారు. ఇంకొన్ని ఇళ్లలో భయంతో నేరుగా స్కానింగ్ సెంటర్‌కు తీసుకెళ్తారు. రెండు చోట్లా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ నొప్పి ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది?

ఎదిగే వయసులో నడుము ఎందుకు వేరు

నడుము భాగంలో 5 వెన్నుపూసలుంటాయి. రిపోర్టుల్లో ఎల్1 నుంచి ఎల్5 దాకా రాసేవి ఇవే. ఒక్కో పూసకు ముందువైపు దిమ్మెలాంటి భాగం, వెనకవైపు ఉంగరంలాంటి భాగం. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య మెత్తగా ఉండేది డిస్క్. వెనక ఉంగరంలో పై కీలుకూ కింది కీలుకూ నడుమ సన్నటి ఎముక వంతెన ఒకటుంది. దాన్ని పార్స్ అంటారు. టీనేజీ నడుము నొప్పి కథలో ఈ చిన్న వంతెనది పెద్ద పాత్ర.

అమ్మాయిలు సుమారు 12 ఏళ్లప్పుడు, అబ్బాయిలు సుమారు 14 ఏళ్లప్పుడు అన్నిటికన్నా వేగంగా పొడవు పెరుగుతారు. ఎముక ముందు సాగుతుంది, దానిలో ఖనిజం చేరి గట్టిపడటం కొన్ని నెలలు వెనకబడుతుంది. తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటాయి, పూసల అంచుల్లో ఎదుగుదల ప్లేట్లు ఇంకా మెత్తగానే ఉంటాయి. కాబట్టి అదే బరువు, అదే వంపు పెద్దవాళ్లలో కండరాన్ని పట్టేస్తే, ఈ వయసులో ఎముక మీదా ఎదుగుదల ప్లేటు మీదా దెబ్బ పడొచ్చు.

ఇక్కడ పేర్ల గందరగోళం కూడా తీర్చుకోవాలి. స్పాండిలోసిస్ అంటే అరుగుదల, పెద్ద వయసు సంగతి. స్పాండిలైటిస్ అంటే వెన్నులో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు. స్పాండిలోలైసిస్ అంటే పార్స్ వంతెనలో పగులు. స్పాండిలోలిస్థెసిస్ అంటే ఒక పూస కింది పూస మీద ముందుకు జారడం. మన మాటల్లో నాలుగూ కలిసిపోయి “స్పాండిలైటిస్” అయిపోయాయి. నాలుగూ వేరు జబ్బులు, వైద్యమూ వేరు.

ఒక లెక్కలో 47, ఇంకో లెక్కలో 1 కూడా లేదు

“పిల్లల్లో నడుము నొప్పి వస్తే వేరే విధంగా రుజువయ్యేదాకా ప్రమాదమే అనుకోవాలి” అని చాలాకాలం వైద్య విద్యార్థులకు నేర్పారు. ఆ మాటకు ఆధారం ప్రత్యేక ఆసుపత్రుల అనుభవం. 1995లో అమెరికాలో ఒక క్రీడావైద్య క్లినిక్‌కు నడుము నొప్పితో వచ్చిన 100 మంది టీనేజీ క్రీడాకారుల వివరాలు ప్రచురించారు. వాళ్లలో 47 మందికి పార్స్ పగులు ఉంది. దాదాపు సగం!

2017లో అదే దేశం నుంచి ఇంకో లెక్క వచ్చింది. ఈసారి ఇన్సూరెన్స్ రికార్డుల్లో నడుము నొప్పి అని నమోదైన 10 నుంచి 19 ఏళ్ల వాళ్లు 2 లక్షలకు పైగా ఉన్నారు. ఏడాది గడిచినా వాళ్లలో 80 శాతానికి ప్రత్యేకమైన కారణమేదీ నమోదు కాలేదు. పార్స్ పగులు 1 శాతం లోపే. ఇన్‌ఫెక్షన్, ట్యూమర్ కూడా అంతే.

రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. స్పోర్ట్స్ క్లినిక్ దాకా వెళ్లేది వారాల తరబడి నొప్పి తగ్గని ఆటగాళ్లు. ఇన్సూరెన్స్ రికార్డుల్లో ఉన్నది ఒకసారి నడుము పట్టేసి మాత్ర రాయించుకుని వెళ్లినవాళ్లు కూడా. ఏ గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టామో దాన్నిబట్టి అంకె మారిపోయింది. రెండో లెక్కకు ఒక బలహీనత ఉందని కూడా ఒప్పుకోవాలి. కారణం నమోదు కాలేదంటే కారణం లేదనే కాదు, కొందరిలో వెతకలేదని కూడా అర్థం.

ఆ 80 శాతానికి డాక్టర్లు వాడే మాట “నాన్ స్పెసిఫిక్”. తల్లిదండ్రులకు అది “ఏమీ లేదు, వీడు నటిస్తున్నాడు” అన్నట్టు వినిపిస్తుంది. పిల్లల చెవిన పడితే ఇంకా బాధపెడుతుంది. దాని అసలు అర్థం వేరు. నొప్పి నిజం, అయితే పగిలిన ఎముక, పాకిన క్రిమి, నొక్కుకున్న నరం లాంటి ఒక్క వస్తువును వేలు పెట్టి చూపించలేకపోతున్నాం అని.

ఫాస్ట్ బౌలర్ ఎడమ నడుము

మన 15 ఏళ్ల కుర్రాడు కుడిచేతి బౌలర్. నొప్పి ఎడమ పక్కన, నడుము అడుగున. కూర్చుంటే బాగానే ఉంటుంది. వెనక్కి వంగితే, బంతి వదిలే క్షణంలో ముందు కాలు నేలను తాకితే పొడుస్తుంది. రెండు రోజులు ఆగితే తగ్గి, మళ్లీ బంతి పట్టగానే తిరిగొస్తుంది.

ఇన్ని వివరాలు దొరికాక డాక్టరు ఆలోచన నేరుగా పార్స్ మీదికి పోతుంది. బంతి వేసేటప్పుడు నడుము ఏకకాలంలో వెనక్కి వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది, తిరుగుతుంది. ఆ ఒత్తిడి బౌలింగ్ చేతికి ఎదురు పక్క పార్స్ మీద పడుతుంది. ఒక్క బంతికి ఏమీ కాదు. ఒక ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోతే ఎలా తెగుతుందో, ఇదీ అలాంటి పగులే. ఎక్కువగా ఎల్5లో, తరవాత ఎల్4లో వస్తుంది. జిమ్నాస్టిక్స్ చేసేవాళ్లలో, వాలీబాల్ ఆడేవాళ్లలో, వెనక్కి వంగే నాట్యం సాధన చేసేవాళ్లలో కూడా చూస్తాం.

క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్త జబ్బేమీ కాదు. ఆస్ట్రేలియా బౌలర్ ప్యాట్ కమిన్స్ 2011లో 18 ఏళ్లకే టెస్టుల్లోకి వచ్చి, వెన్ను స్ట్రెస్ ఫ్రాక్చర్లతో (ఇలా పదేపదే పడే ఒత్తిడికి వచ్చే పగుళ్లతో) పాటు ఇతర గాయాల వల్ల రెండో టెస్టు 2017లోగానీ ఆడలేకపోయాడు. బుమ్రాకు 2019లో నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. 2022 టీ20 వరల్డ్ కప్‌కు వెన్ను సమస్యతోనే దూరమై, 2023లో సర్జరీ చేయించుకున్నాడు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు టీనేజీ ఫాస్ట్ బౌలర్లు ఒక స్పెల్‌లో, ఒక రోజులో ఎన్ని ఓవర్లు వేయొచ్చో వయసునుబట్టి హద్దులు పెట్టింది. గల్లీ అకాడమీలో ఓవర్లు లెక్కపెట్టేవాళ్లెవరు? ఉదయం స్కూల్ మ్యాచ్, సాయంత్రం నెట్స్, ఆదివారం టోర్నీ ఆడే కుర్రాడి వారం మొత్తం బంతులు ఎవరి పుస్తకంలోనూ ఉండవు. డాక్టరు అడగాల్సిన ప్రశ్న అది.

ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమనే పరీక్ష ఒకటుంది. నొప్పి వస్తే పార్స్ మీద అనుమానం పెరుగుతుంది. అయితే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేమని తరవాతి అధ్యయనాలు చూపించాయి. ఎక్స్-రేలో తొలిదశ పగులు చాలాసార్లు కనబడదు. ఏటవాలుగా తీసే అదనపు ఎక్స్-రేలతో రేడియేషన్ పెరుగుతుందే తప్ప సమాచారం పెద్దగా పెరగదు. సీటీలో పగులు స్పష్టంగా కనిపిస్తుంది, కానీ దానికీ రేడియేషన్ ఉంది. ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు. పైగా ఎముక ఇంకా పగలకముందే లోపలి నీరును, అంటే ఒత్తిడికి వచ్చిన వాపును చూపించగలదు. ఆ దశలో దొరికితే ఆటకు కొన్ని నెలల విరామంతోనే అతుక్కునే అవకాశం ఎక్కువ. అందుకే చాలామంది స్పోర్ట్స్ డాక్టర్లు ఎంఆర్ఐతో మొదలుపెడతారు. పగులు అతుకుతోందా లేదా అని తేల్చాల్సి వచ్చినప్పుడు ఆ చోటు వరకే సీటీ చేయించే వాళ్లూ ఉన్నారు.

ఒక చిక్కుంది. పెద్దవాళ్లలో సుమారు 6 శాతం మందికి ఈ పగులు ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఒకటో తరగతి వయసులోనే 4 శాతానికి పైగా ఉంటుందని ఒక దీర్ఘకాల అధ్యయనం తేల్చింది. అంటే స్కాన్‌లో పాత పగులు కనిపించినంత మాత్రాన నేటి నొప్పికి అదే కారణమని చెప్పలేం. పగులు చుట్టూ తాజా వాపు ఉందా, పిల్లాడు చూపించిన పక్కనే ఉందా అని చూడాలి. రెండు పక్కలా పగిలితే పూస ముందుకు జారే వీలుంటుంది. కింది పూస వెడల్పులో నాలుగో వంతు లోపు జారితే మొదటి గ్రేడ్. ఎక్కువమందిది అక్కడే ఆగుతుంది.

డిస్క్, గూని, వంకర

టీనేజర్లలో డిస్క్ జారడం అరుదే గానీ లేకపోలేదు. ముందుకు వంగితే, కూర్చుంటే, దగ్గితే నొప్పి పెరుగుతుంది. పిర్ర మీదుగా కాలిలోకి లాగుతుంది. పడుకోబెట్టి నిటారుగా కాలు ఎత్తితే సగంలోనే ఆగిపోతుంది. పెద్దవాళ్లలాగా తిమ్మిరి, కండరం బలహీనం కావడం పిల్లల్లో అంత స్పష్టంగా ఉండకపోవచ్చు. జిమ్‌లో బరువులెత్తిన కుర్రాడికి ఒక్కసారిగా ఇలా అయితే, డిస్క్‌తోపాటు పూస అంచు ఎముక ముక్క కూడా ఊడిందేమో చూస్తారు.

“నిటారుగా కూర్చో” అని ఎంత తిట్టినా సరికాని గూని ఒకటుంది. అది షూయర్‌మన్ జబ్బు. వరసగా 3 పూసలు ముందువైపు నొక్కుకుపోయి ఒక్కోటి 5 డిగ్రీలకు పైగా ఆప్పు (వెడ్జ్) ఆకారంలోకి, అంటే ముందు సన్నగా వెనక మందంగా మారితే ఆ పేరు పెడతారు. అలవాటు వల్ల వచ్చిన వంపు పడుకుంటే పోతుంది, ఇది పోదు. వెన్ను పక్కకు వంకరపోయే స్కోలియోసిస్‌ను ముందుకు వంచి చూస్తారు, ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా లేస్తాయి. మామూలు స్కోలియోసిస్‌లో తీవ్రమైన నొప్పి ఉండదు. వంకరతోపాటు రాత్రి నొప్పి బాగా ఉంటే ఆ వంకరకే వేరే కారణం వెతకాలి.

రాత్రి నిద్ర లేపే నొప్పి

మన మూడో పిల్లాడిది కదిలితే వచ్చే నొప్పి కాదు. పడుకున్నా ఉంటుంది, రాత్రి లేపుతుంది. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోందని, అన్నం సగంలో వదిలేస్తున్నాడని వాళ్లమ్మ చెబుతుంది. ఆటో ఎక్కేటప్పుడు నడుము వంచకుండా కర్రలా ఎక్కుతున్నాడట.

మన దేశంలో ఈ కథ విన్న డాక్టరుకు మొదట తట్టేది వెన్ను టీబీ. 1779లోనే బ్రిటిష్ సర్జన్ పెర్సివల్ పాట్ దీన్ని వర్ణించాడు, అందుకే పాట్స్ డిసీజ్ అంటారు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. ఎముకలకు పాకిన టీబీలో దాదాపు సగం వెన్నులోనే ఉంటుంది. క్రిమి రక్తం ద్వారా వచ్చి పక్కపక్కనున్న రెండు పూసల అంచుల్లో చేరుతుంది. మెల్లగా తినేస్తూ పోతే పూస ముందువైపు కూలి, వీపు మీద మొనదేలిన గూని లేస్తుంది. చీము వెన్నుపాము మీద ఒత్తితే కాళ్లు పట్టు తప్పుతాయి. దగ్గు ఉండనక్కర్లేదు. జ్వరం, బరువు తగ్గడం కూడా అందరిలోనూ ఉండవు, అందుకే నెలల తరబడి “కండరాల నొప్పి”గా మందులు వాడినవాళ్లున్నారు.

ఎముక బాగా కరిగితేగానీ ఎక్స్-రేలో తెలియదు కాబట్టి ఇక్కడ ఎంఆర్ఐ ఆలస్యం చేయరు. రక్తపరీక్షల్లో ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరిగితే ఒంట్లో ఎక్కడో వాపు ఉందని తెలుస్తుంది. ఎక్కడుందో, ఏమిటో అవి చెప్పలేవు. తేల్చేది సూదితో తీసిన ముక్క. దానిమీద చేసే సీబీనాట్ పరీక్ష టీబీ క్రిమిని పట్టుకోవడమే కాదు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వెన్నుకైతే సాధారణంగా ఏడాది పాటు వాడాలి. ఆ పిల్లాడు ఏడాది తరవాత మామూలుగా వంగి షూ లేసులు కట్టుకోగలడా లేదా అన్నది ఎక్కువగా జబ్బు ఎంత ముందు దొరికిందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

రాత్రి నొప్పికి టీబీ ఒక్కటే కారణం కాదు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న ఎముక గడ్డ ఉంది, అది క్యాన్సర్ కాదు. రాత్రి పీకే నొప్పి ఐబుప్రొఫెన్ లాంటి మాత్రతో విచిత్రంగా మాయమైపోవడం దాని గుర్తు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కూడా ఒక్కోసారి ముందు వెన్ను నొప్పిగానే బయటపడుతుంది. పాలిపోవడం, ఊరికే కమిలిన మచ్చలు, మానని జ్వరం తోడుంటే రక్తపరీక్ష వెంటనే చేస్తారు. పాడేరు, ఆదిలాబాద్ ప్రాంతాల గిరిజన పిల్లల్లో అయితే సికిల్ సెల్ జబ్బును కూడా తలుచుకోవాలి. వంకర తిరిగిన రక్తకణాలు ఎముకకు రక్తం అందకుండా అడ్డుపడితే నడుములో భరించలేని నొప్పి లేస్తుంది. కేంద్రం 2023 జులైలో ఈ జబ్బు నిర్మూలన కోసం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్న ఒక్క ప్రశ్న అక్కడ చాలా దూరం తీసుకెళ్తుంది.

లేవగానే బిగుసుకునే నడుము, పూర్తిగా వేరే చోటి నొప్పి

పొద్దున లేచాక అరగంటకు పైగా బిగుసుకుపోయి, నడిచేకొద్దీ వదులయ్యే నొప్పి వేరే జాతిది. విశ్రాంతితో పెరగడం, కదలికతో తగ్గడం దీని లక్షణం. అబ్బాయిల్లో ఎక్కువ. మడమ నొప్పి, కన్ను ఎర్రబడటం, ఇంట్లో మేనమామకో నాన్నకో “వెన్ను గట్టిపడిన” చరిత్ర ఉంటే వెన్ను కీళ్లవాతం మీద అనుమానం బలపడుతుంది. ఎక్స్-రేలో మార్పు రావడానికి ఏళ్లు పడుతుంది, ఎంఆర్ఐలో ముందే తెలుస్తుంది. హెచ్ఎల్ఏ-బి27 పరీక్ష పాజిటివ్ వస్తే కంగారు పడిపోతారు. ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎప్పటికీ రాదు.

కొన్నిసార్లు నడుము కేవలం చిరునామా మాత్రమే. కిడ్నీ రాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి నొప్పి అక్కడికే పాకుతాయి. 14, 15 ఏళ్లు వచ్చినా పెద్దమనిషి కాని అమ్మాయికి నెలనెలా నడుము నొప్పి, పొత్తికడుపు బరువు వస్తుంటే, పుట్టుకతో మూసుకుపోయిన పొర వెనక నెలసరి రక్తం నిలిచిపోతోందేమో చూడాలి. చిన్న ఆపరేషన్‌తో నయమయ్యే సమస్య ఇది. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడటం వల్ల వెన్ను స్కాన్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

స్కాన్ ముందా, ఆగి చూడటం ముందా

ఇక్కడ డాక్టర్ల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ అనే స్కానింగ్ డాక్టర్ల సంఘం మార్గదర్శకం ప్రకారం నొప్పి మొదలై 4 వారాలు దాటకపోతే, ప్రమాద సూచనలు లేకపోతే, పరీక్షలో తేడా కనిపించకపోతే స్కాన్ అక్కర్లేదు. ఇంకో పక్షం వాదనలోనూ బలముంది. టీబీ ఎక్కువున్న దేశంలో, మళ్లీ రమ్మంటే వస్తారన్న నమ్మకం లేని చోట, ఆగి చూడటానికి వేరే ఖరీదుంది. ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన కుటుంబానికి “నెల తరవాత కనబడండి” అన్నమాట చిన్నదేమీ కాదు.

అయినా అందరికీ ఎంఆర్ఐ అన్నది మందు కాదు. డెన్మార్క్‌లో 13 ఏళ్ల పిల్లలకు, నొప్పి ఉన్నా లేకపోయినా, ఎంఆర్ఐ చేస్తే దాదాపు మూడో వంతు మందిలో డిస్క్ మార్పులు కనిపించాయి. దీన్ని మన బడికి తెచ్చి చూద్దాం. 60 మంది ఉన్న ఒక క్లాసుకు మొత్తం స్కాన్ చేస్తే, అదే నిష్పత్తిలో 20 మంది రిపోర్టుల్లో “డిస్క్ డెసికేషన్” (డిస్క్‌లో నీరు తగ్గడం) లాంటి మాట ఉంటుంది. వాళ్లలో చాలామంది ఆ సాయంత్రం కబడ్డీ ఆడుకుంటూ ఉంటారు. ఆ 20 మందిలో ఒకరికి హాస్టల్ మంచం వల్ల నడుము పట్టేసి ఉంటే, నింద డిస్క్ మీద పడుతుంది. ఆటలు మానేస్తాడు, బెల్టు కడతాడు, కండరాలు ఇంకా బలహీనపడతాయి. రిపోర్టులో ఒక్క వాక్యం చదివి ఒక పిల్లాడు తనను తాను నడుము పాడైనవాడిగా అనుకోవడం మొదలుపెట్టడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

స్కూల్ బ్యాగు, నిద్ర, టెన్షన్

బ్యాగు బరువు ఒంటి బరువులో 10 శాతం మించకూడదని 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. 40 కిలోల పిల్లకు 4 కిలోలన్నమాట. మంచి నియమమే. బ్యాగు వల్లే నడుము నొప్పి వస్తుందని మాత్రం గట్టి ఆధారం లేదు. 2018లో 69 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఆ సంబంధాన్ని నమ్మదగిన స్థాయిలో చూపించలేకపోయింది. విటమిన్ డి లోపం మీద కూడా ఇలాగే ఆచితూచి మాట్లాడాలి. అది మన పిల్లల్లో ఎంత ఎక్కువంటే, నొప్పి లేనివాళ్లలోనూ ఆ అంకె తక్కువే వస్తుంది.

ఇక మన నీట్ అమ్మాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, 5 గంటల నిద్ర, నెలకోసారి ర్యాంకుల జాబితా. నొప్పి మధ్యాహ్నం మొదలై రాత్రికి పెరుగుతుంది, ఇంటికి వచ్చిన సెలవుల్లో సగం తగ్గుతుంది. రాత్రి లేపదు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, నెలసరి మామూలే. కాళ్లలో బలం, స్పర్శ బాగున్నాయి. తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉన్నాయి. నిద్రలేమి, ఆందోళన నొప్పిని పెంచుతాయి, నొప్పి నిద్రను చెడగొడుతుంది. ఏది ముందో ఏది వెనకో విడదీయడం కష్టం. డాక్టరు ఆమెకు స్కాన్ రాయలేదు. కదలిక, వ్యాయామం, నిద్ర గురించి మాట్లాడి, 4 వారాల తరవాతి తారీఖు రాశారు. ఆ తారీఖున ఆమె వచ్చినప్పుడు, తగ్గిందా అన్నదానికంటే ముందు అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు: రాత్రి లేపుతోందా? ఒళ్లు వెచ్చబడుతోందా? కాలిలోకి పాకుతోందా? మూత్రం ఆపుకోవడంలో తేడా ఉందా? అన్నిటికీ లేదు అంటే ఆమె ఫైలు మీద నాన్ స్పెసిఫిక్ అన్న మాట ఇంకో నెల ఉంటుంది. ఒక్కదానికి అవును అన్నా ఆ మాట కొట్టేసి మళ్లీ మొదటి నుంచి వెతుకుతారు.